బట్టీ పిల్లి దాటిన బాట

“దాట్త. గని కాంటా కాడ ముందుగాల నా బండే తూకానికి పోవాలె. ఒప్పుకుంటరా?” అని అడిగిందామె.

బండ్లవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒప్పుకున్నామన్నారు. ఆమె కొంగు నడుముకు బిగించి, ఆగిపోయిన పదకొండు చెరకు బండ్లను దాటుకుంటూ ముందుకు నడిచింది. పిల్లి అడ్డం పోయిన చోటు దాటింది. అవతల నిలబడి వెనక్కి తిరిగింది.

“సచ్చిన్నా? సావలే గద. ఇగ రాండ్రి.”

పదకొండు బండ్లూ కదిలాయి. వాటి వెనక నా సైకిలు కూడా కదిలింది.

పంతొమ్మిది వందల అరవైల చివరి మాట ఇది. నేనప్పుడు ఒక దినపత్రికకు బోధన్ నుంచి వార్తలు రాసేవాణ్ణి. రాసిన కాగితాలు కవర్లో పెట్టి నిజామాబాద్ బస్సు డ్రైవరు చేతికివ్వడం, మర్నాడు పేపర్లో అందులో నాలుగో వంతు చూసుకోవడం నా ఉద్యోగం. చెరకు కోతల కాలంలో ఊళ్లు తిరిగేవాణ్ణి. ఆ రోజు సాయంత్రం అలా ఒక ఊరి నుంచి వస్తున్నాను. ఒక పక్క కాలువ, ఒక పక్క నీళ్లు పెట్టిన వరి మడి. మధ్యలో ఒక్క బండి పట్టే దారి. దాని మీద బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ఎడ్లు నెమరేస్తున్నాయి. మనుషులు బీడీలు తాగుతున్నారు.

“ఏమైంది?” అన్నాను.

“నల్ల పిల్లి అడ్డం వోయింది సారూ” అన్నాడు వెనక బండి మీదున్న జీతగాడు.

ముందు బండి దిగి అక్కడే బీడీ తాగుతున్న పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. “అరే, ఎందుకు సెప్పినవ్ రా! నోరు మూసుకొని ఉంటే ఆయనే సైకిల్ మీద సక్కగ పోతుండె గద!”

వాళ్ల శాస్త్రం నాకప్పుడు పూర్తిగా బోధపడింది. పిల్లిని చూసినవాడు ముందు దాటితే కీడు వాడిది. సంగతి తెలియనివాడెవడైనా వచ్చి దాటితే ఆ కీడు వాడితో పోతుంది, మిగతావాళ్లకు దారి శుభ్రం. అంటే అరగంట నుంచి పది మంది మొగవాళ్లు రోడ్డు మీద కూర్చుని, తమ పాపం మోయడానికి ఒక అమాయకుడు రాకపోతాడా అని ఎదురుచూస్తున్నారు. వచ్చిన ఒక్క అమాయకుడికీ సంగతి చెప్పేశారు.

చివరి బండి ఆమెది. ఎకరం చెరకున్న రైతు. భర్త పోయి నాలుగేళ్లు. ఆ జీతగాడు ఆమె మనిషే, తోలేది అతనైనా బండి వెంట ఆమె వస్తుంది. ఆ రోజు తేదీతో చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చిన కోత పర్మిట్ ఆమె దగ్గర ఉంది. పొద్దుగుంకే లోపు ఫ్యాక్టరీ కాంటా మీద తూకం పడాలి. పడకపోతే ఆ పర్మిట్ చెల్లదు, కోసిన చెరకు ఎండుతుంది. ఈ మాట ఆమె వాళ్లకు రెండు మూడు సార్లు చెప్పింది.

“అది నల్ల పిల్లి గాదురా తమ్మీ, మా బెల్లం బట్టీ పిల్లి. పొయ్యి బూడిదల పంటది, మసి అంటింది. వానకాలంల సూడుండ్రి, పసుపు ముద్ద లెక్క ఉంటది” అని కూడా చెప్పి చూసింది.

“ఇప్పుడైతే నల్లగనే ఉంది గదక్కా!” అన్నాడొకడు.

తర్వాత వానాకాలంలో నేను పోయి చూసి వచ్చాను. బట్టీ చల్లారింది, పిల్లి అరుగు మీద ఒళ్లు నాక్కుంటోంది. నిజంగానే పసుపు రంగు. కోతల కాలంలో కీడు తెచ్చి, వానలు పడగానే మానేసే పిల్లి అన్నమాట.

నలుపంటే అంత భయం ఉన్నవాళ్లు ఇంకెక్కడా దానికి జడిసినట్టు కనబడరు. చెరకు పండేది నల్ల రేగడిలో. పాలిచ్చేది నల్ల బర్రె. చలికి కప్పుకునేది నల్ల గొంగడి. పిల్లవాడికి దిష్టి తగలకుండా చెంప మీద పెట్టేది నల్ల చుక్క, కాలికి కట్టేది నల్ల దారం. చెంప మీద కాపాడే నలుపు, నాలుగు కాళ్ల మీద నడిస్తే చంపుతుందట.

చీకటి సంగతీ అంతే. మా ఇల్లు నిజామాబాద్‌లో, గంజ్ అనే పసుపు బజారుకు దగ్గర. పొద్దంతా పసుపు బస్తాలు బండ్లెక్కి దిగుతుంటాయి, గాలి కూడా పసుపు వాసనే. దీపం పెట్టాక మాత్రం పక్కింటావిడ వచ్చి చిటికెడు పసుపు అడిగితే మా అమ్మ ఇచ్చేది కాదు, లక్ష్మి పోతుందని. ఊడ్చేది కాదు, గోళ్లు తీయనిచ్చేది కాదు. ఒక్క చిమ్నీ దీపంతో బతికిన ఇంట్లో అందులో కొంత తెలివి ఉంది. చీకట్లో ఊడిస్తే రాలిపడిన ముక్కుపుల్ల చెత్తతో పోతుంది. తర్వాత మా ఇంటికి కరెంటు వచ్చింది. అమ్మ స్విచ్చి వేసి, బల్బుకు దండం పెట్టి, దాని వెలుగులో నా చేతిలో బ్లేడు చూసి, “చీకటి పడ్డది, గోళ్లు తీయకురా” అనేది.

మళ్లీ దారి మీదకు వస్తాను. నేను దాటతానేమోనని వాళ్లు కాసేపు ఆశగా చూశారు. నేను సైకిలు దిగి, స్టాండు వేసి, జేబులోంచి నోటుపుస్తకం తీశాను. అప్పుడే పెద్దాయనకు ఉపాయం తట్టింది.

“నువ్వు దాటమ్మా. నీకు పోయేదేముంది?” అన్నాడు.

పొద్దున పొలానికి పోతూ ఆమె ఎదురైతే వెనక్కి వెళ్లి, గుమ్మంలో కూర్చుని, నీళ్లు తాగి బయల్దేరే మనిషి ఆయన. ఆ సంగతి ఆమెకు తెలుసు.

“రోజు నా మొఖం సూడవు గదనే, ఇయ్యాల నా కాళ్లు గావాల్నా?” అంది.

నవ్వు మొహం పెట్టిందే గాని అది నవ్వు కాదు. ఆ తర్వాతే షరతు పెట్టింది.

కాంటా చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఆమె జీతగాడు బండి ముందుకు తేబోయాడు. పెద్దాయన తన ఎడ్లను అడ్డం తిప్పాడు.

“మొగుడు లేని మనిషి బండి ముందుగాల కాంటా ఎక్కుతదా? మా అందరి చెరుకు తూకం తగ్గదా?”

“ఒప్పుకుంటివి గదనే పెద్దయ్యా!”

“పిల్లికి ఒప్పుకున్న. గిది కాంటా.”

ఒక్కో బండే ఎక్కింది, దిగింది. తొమ్మిదో బండి దిగేసరికి పొద్దు గుంకింది. తూకం వేసే గుమాస్తా పెట్రోమాక్స్ వెలిగించాడు. ఆ వెలుగులో కాంటా మీది గీతలు పగటికంటే బాగా కనబడుతున్నాయి. అతను చేతులు దీపం వైపు చాపి కళ్లకద్దుకుని, పుస్తకం మూసేశాడు.

“ఇంకో రెండే బండ్లున్నయి సారూ. నా పర్మిట్ ఇయ్యాలటిదే” అంది ఆమె.

“దీపం వెట్టినంక కాంటా ముట్టద్దమ్మా.”

మిగిలిన రెండింటిలో ఒకదాని పర్మిట్‌కు మర్నాటి దాకా గడువుంది. ఆమెదానికి లేదు. ఆ చెరకు రెండు రోజులు ఎండి, చివరికి ఆమె ఇంటి పక్క బట్టీలోనే బెల్లమైంది. ఎంతకు ఇచ్చిందో నేను అడగలేదు.

నేను పంపిన వార్త పేపర్లో ఆరు వరుసల్లో వచ్చింది. పిల్లి ఉంది, బండ్లు ఉన్నాయి. ఆమె లేదు.

వారం తర్వాత ఆమె నా దగ్గరకు వచ్చింది, కొత్త పర్మిట్ కోసం దరఖాస్తు రాయమని. చేలో ఇంకా సగం చెరకుంది. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట నా కలం ఆగింది.

“ఏం రాయమంటవక్కా?”

“అయ్యిందే రాయి తమ్మీ. పిల్లి అని రాయి. నువ్వు గూడ ఆడ్నే ఉన్నవని రాయి.”

అలా రాస్తే ఫ్యాక్టరీ ఆఫీసులో నవ్వుతారన్నాను. బండి ఇరుసు విరిగిందని రాశాను. చదివి వినిపించాను.

“నీకు గివన్ని నమ్మకాల్లేవంటరు గద. సైకిల్ చేతుల వట్టుకొని, నువ్వెందుకు దాటలే?”

వార్త రాసేవాడు పక్కన నిలబడి చూడాలి గాని అందులో చేయి పెట్టకూడదని నాకు నేర్పారు. ఆ మాట ఆమెతో అనబోయి ఊరుకున్నాను. అది నిజమైన కారణమని నాకే నమ్మకం లేదు.

ఆమె రెండు ప్రతుల మీదా వేలిముద్ర వేసింది. ఒకటి ఆఫీసుకు పోయింది, రెండోది ఇప్పటికీ నా కాగితాల్లో ఉంది. దరఖాస్తుకు ఆ సీజనులో జవాబు రాలేదు. తర్వాతి సీజనులోనూ రాలేదు.