పోటు వేళకు తెగే లైను

ఇంటర్నెట్ ఫోను తీగలోంచి వచ్చే రోజులవి. కంప్యూటర్ కీచుమని అరిచి, గురగురలాడి, చివరికి కనెక్టయితే చుట్టూ చేరినవాళ్లంతా సంబరపడేవారు. ఆ కీచు అరుపు ఇప్పుడెక్కడ వినబడినా ప్రాణం లేచివస్తుంది. ఆ రోజుల్లో నరసాపురంలో టెలిఫోన్ లైన్‌మన్ జీవరాజు గారికి డాక్టరుకున్నంత గౌరవం. అది ఆయనకి కాస్త ఎక్కువగానే ఒంటబట్టింది.

2001లో రేవు రోడ్డులో ప్రసన్నకుమారి నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టింది. భర్త పోయాక ఆమెకున్న ఆధారం అదొక్కటే. నెల తిరక్కుండానే లైను తెగడం మొదలైంది. ఉన్నట్టుండి పోయేది, రెండు గంటల తర్వాత దానంతటదే వచ్చేది. జీవరాజు సైకిలేసుకుని వెళ్లి, లైనుకి లీకులు పట్టే మెగ్గరు మీటరు పెట్టి మూడుసార్లు కొలిచేవాడు. ఎప్పుడైనా లీకుందన్నట్టు ముల్లు కిందికి పడితే "దీనికి వయసైపోయిందమ్మా" అని మీటరుని ఓ తట్టు తట్టి, మంచిగా వచ్చిన కొలతే రాసుకునేవాడు. ఎక్స్ఛేంజిలో అందరి పద్ధతీ అదే.

"లైను శుభ్రంగా ఉందమ్మా. లోపం మీ కంప్యూటర్లదే" అని తేల్చేశాడు. ఆమె నమ్మింది. మోడెమ్‌లు మార్పించింది. అయినా లాభం లేకపోయింది. వచ్చేవాళ్లు విసుగెత్తి మానేశారు. చివరికి రెండు కంప్యూటర్లు అమ్మేసింది.

ఓ గురువారం ఉదయం, లైను పోయిన వేళలన్నీ రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. దాన్ని జేబులో కుక్కుకుని, అవతలి ఒడ్డున పనుండి రేవుకి వచ్చాడు. నది దాటించే పంటు ఇంకా కదల్లేదు.

"ఇంకా ఎంతసేపు గంగయ్యా?" అని పంటు నడిపేవాణ్ణి అడిగాడు.

"సముద్రం పోటెక్కి నీళ్లు రావాలి కదండీ. నిన్న పదింటికొచ్చింది, ఇయ్యాల పదీముప్పావు అవుద్దండి. రోజూ ముప్పావు గంట ఎనక్కేనండి."

జీవరాజు కాగితం తీశాడు. సోమవారం ఎనిమిదిన్నర. మంగళవారం తొమ్మిదింబావు. బుధవారం పది. లైను పోయిన వేళలూ పోటు వేళలూ ఒక్కటే. ముల్లు కిందికి పడ్డ ప్రతిసారీ మీటరు నిజమే చెప్పింది.

పంటు ఎక్కకుండా వెనక్కి తిరిగాడు. పోటు నీళ్లు ఎక్కే కాలవ గట్టున, నెట్ సెంటర్ లైను వెళ్లే కేబుల్ గొయ్యి మూత తీస్తే లోపల నీళ్లు ఊరుతున్నాయి. తీగలు కలిపి జాయింటు వేసినవాడు తన పేరు చెక్కిన రేకుబిళ్ల దానికి కట్టడం వాళ్ల ఆనవాయితీ. నీళ్లలో మునుగుతున్న ఆ బిళ్ల మీద ఉన్నది ఆయన పేరే. పదేళ్ల కిందట వేసి, తానే మురిసిపోయిన జాయింటు. బిళ్ల తెంపి కాలవలో పారేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు.

నీళ్లు దిగాక జాయింటు కొత్తగా వేసి, నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్లాడు.

"తప్పు నా జాయింటుదమ్మా, మీ కంప్యూటర్లది కాదు. ఉత్తి పుణ్యానికి అమ్మించేశాను."

ప్రసన్నకుమారి ఖాళీ అయిన రెండు బల్లల వంక చూసింది.

"రేపు పోటు ఎన్నింటికండీ?" అని మాత్రం అడిగింది.

"పదకొండున్నరకమ్మా."

"అప్పుడు రండి. నేనే చూసుకుంటాను."

తన మాట ఇక చెల్లదని ఆయనకి అర్థమైంది. అయినా మర్నాడు పదకొండింటికే వచ్చి కూర్చున్నాడు. ఆమె లైను ఉందో లేదో చెప్పే పింగ్ కొట్టి, తెర మీద పడే ఒక్కో జవాబూ చూస్తూ కూర్చుంది. పోటు వచ్చింది, మళ్లీ దిగింది. లైను తెగలేదు. మధ్యాహ్నం రెండు దాటాక గానీ ఆమె లేచి ఆయనకి టీ పెట్టలేదు.