జువ్వలదిన్నె పగడాలు

మా ఆవిడ అడిగింది అండమాన్. ఫోనులో వీడియోలు చూసి చూసి, పగడపు దిబ్బల మధ్య ఈదాలని మనసు పడింది. నేను బేరమాడి మా జిల్లాలోనే ఉన్న జువ్వలదిన్నెకు దించాను. అక్కడ తీరానికి దూరంగా, చేపలు చేరడానికని ఎప్పుడో సముద్రంలో వదిలిన సిమెంటు గూళ్లున్నాయి. వాటిమీద పగడాలు మొలిచాయట. చెన్నైలో స్కూబా నేర్చుకొచ్చిన మా జిల్లా అమ్మాయి ఒకామె పడవలో తీసుకెళ్లి చూపిస్తుంది.

"పగడం ఎక్కడైనా పగడమే కదా," అన్నాను. మా ఆవిడ నన్ను అమ్ముడుపోని సరుకును చూసినట్టు చూసింది. ఈ ఒక్క మునకతో ఆమె తృప్తి పడితే అండమాన్ మాట మరిచిపోతుంది. నా ఆశంతా అదే.

పడవలోనూ నేను ఊరుకోలేదు. అరగంటే అని ఆ అమ్మాయి అంటే, సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపూ ఉంచాల్సిందేనని పట్టుబట్టాను.

"సరే అన్నా. నిండా ఉంటే మీటర్‌లో రెండొందలు చూపిస్తాది. ఎవరి గాలి యాభైకి దిగినా ముగ్గురం పైకే. నేనడిగితే మీటర్ చూసి నిజం చెప్పాల. నూరుంటే ఒక వేలు, యాభైకొస్తే పిడికిలి."

"ఈయన చేత నిజం చెప్పిస్తావా? చూస్తాం," అంది మా ఆవిడ.

కింద నీళ్లు పలచటి టీ రంగులో ఉన్నాయి. నేను భయంతో కొలిమితిత్తిలా గాలి లాగేస్తున్నాను. మా ఆవిడ మాత్రం ఒక గూడు దగ్గర ఆగిపోయింది. దాని అంచున నారింజ రంగు మెత్తటి పగడం, చిన్న మొక్కలా ఊగుతోంది. చారల చేప ఒకటి అందులోంచి తొంగి చూసి మళ్లీ దూరిపోతోంది. టీవీ సీరియల్ ముందు కూడా ఆవిడ అంత కదలకుండా ఉండగా చూడలేదు.

అప్పుడే ఆ అమ్మాయి నా ముందుకొచ్చి, గాలెంత అని సైగ చేసింది. చూస్తే ముల్లు యాభై దాటి కిందికి దిగింది. మా అంగడికి హోల్‌సేల్ వాళ్లొచ్చి సరుకెంతుందని అడిగితే, మూట అడుగంటినా "దండిగా ఉంది, ఇప్పుడే వద్దు" అనాలి. అవసరం బయటపడితే రేటు పెంచేస్తారు. మాటలతో పాటే నేర్చుకున్న విద్య ఇది. నింపాదిగా ఒక వేలు చూపించాను.

ఆమె నా వేలు నమ్మలేదు. మీటర్ లాక్కుని చూసి, నా రెక్క పట్టుకుని, మా ఆవిడకు సైగ చేసి మా ఇద్దరినీ పైకి తెచ్చేసింది. మా ఆవిడ పగడం కనుమరుగయ్యేదాకా కిందికే చూస్తూ వచ్చింది.

"ఏందన్నా ఇది! నేను చూడకుంటే ఏమయ్యుండేది?" పడవెక్కగానే ఆ అమ్మాయి కసిరింది.

"ఈయనది అంగడి బుద్ధి అమ్మా. ఎవరడిగినా సరుకు దండిగా ఉందనే చెప్తారు," అంది మా ఆవిడ.

"గాలి లేదని తెలిస్తే సముద్రమేమన్నా రేటు పెంచుతాదా అన్నా?"

మా ఆవిడ తల తుడుచుకుంటూ ఆమె పక్కకు జరిగింది. "అండమాన్‌లో నీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారామ్మా?"

"ఉండారక్కా. ఈడ మీరు చూసింది ఏపాటి? కానీ అన్నను మాత్రం నీళ్లలో దించబాకండి."

"ఆయన పడవలో కూసుంటారులే."

పడవలో ఊరికే కూర్చునేవాడికి రేటేమైనా తగ్గిస్తారా అని అడిగాను. ఇద్దరూ వినిపించుకోలేదు. అక్కడ నీళ్లు ఏ నెలలో తేటగా ఉంటాయో అప్పటికే మాట్లాడేసుకుంటున్నారు.