గుసగుసలక్క గుండె చప్పుడు

"...అయితే ఆ గడియారం నా నెత్తిమీద ఉందా? ఏసీ ఆపించావు, ఫ్యాను ఆపించావు, ఇక నన్ను కూడా ఆపేస్తావా?"

"మిమ్మల్ని ఆపితే ఆగే చప్పుడైతే ఎప్పుడో ఆపేవాణ్ణండీ. టిక్కు టిక్కుమంటూనే ఉంది. కావాలంటే మీరే వినండి."

అద్దం అవతల డైరెక్టరమ్మా, సౌండు ఇంజనీరూ పోట్లాడుకుంటున్నారు. అటువైపు మైకు ఆపేయడం మరిచిపోయారు. ఇవతలి రికార్డింగు గదిలో ఒంటరిగా నిలబడ్డ ఆవిడ హెడ్‌ఫోన్లలో ప్రతి మాటా పడుతూనే ఉంది. ఆ గడియారం ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

సీరియళ్ళకు గొంతు అరువిచ్చే ఆవిడను అక్కడ అందరూ గుసగుసలక్క అంటారు. అరిచేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. పక్కలో పిల్ల లేవకుండా, గుమ్మంలో నిలబడ్డ మొగుడికి మాత్రమే అందేలా మాట్లాడాలంటే ఆవిడే రావాలి. తెరమీది తల్లి పెదవి మెదిపీ మెదపనట్టు మెదిపినా, ఈవిడ మాట అందులో ఒదిగిపోయేది.

నిరుడు ఆ మాటకే ఊపిరి చాలకుండా పోయింది. వాక్యం సగంలో గోడ పట్టుకునేది. గుండెలో వాల్వు పాడైంది, మార్చాలన్నారు. రెండు రకాలున్నాయని డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. జంతువుల కణజాలంతో చేసినదైతే కొన్నేళ్ళకు అరిగి మళ్ళీ కోయాల్సి రావచ్చు. మెటల్‌దైతే చాలాకాలం మన్నుతుంది గానీ, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. "కొందరికి దాని చప్పుడు వినిపిస్తుంది, అలవాటైపోతుంది లెండి" అని కూడా అన్నాడు. ఆ తర్వాతే అడిగాడు, "మీరేం చేస్తుంటారమ్మా?" అని.

"ఏముంది డాక్టరుగారూ, ఊరికే వాగుతుంటాను."

"అది మాత్రం నిజమండీ" అని పక్కనున్న మొగుడు వంత పాడాడు. ముగ్గురూ నవ్వుకున్నారు. మాట అక్కడితో తెగిపోయింది. మళ్ళీ కోత పెట్టించుకునే ఓపిక లేదు, మెటల్‌దే వెయ్యండి అంది ఆవిడ.

ఇప్పుడు ఆగకుండా మెట్లెక్కుతుంది. డైలాగుల కాయితం మొత్తం గడగడా చదివేస్తుంది. కూర తరగబోతే మాత్రం మొగుడు కత్తి లాక్కుంటాడు, తెగితే రక్తం ఓ పట్టాన ఆగదని. "గోడ గడియారం ఖర్చు తప్పించావే" అని మొదటి రాత్రి హాస్యమాడాడు. వారం తిరక్కుండా తన దిండు మంచం అటు చివరికి జరుపుకున్నాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. నోరు మూసుకుంటే ఆ చప్పుడు అంతగా వినపడదు. మాట్లాడటానికి తెరిస్తేనే బయటికొస్తుంది.

ఆపరేషనయ్యాక ఇదే మొదటి రికార్డింగు. తలుపు తోసుకుని ఇంజనీరు లోపలికొచ్చాడు.

"అక్కా, వాచీ ఏమైనా పెట్టుకున్నావా?"

ఆవిడ బోసి చేతులు చూపించింది. "ఇది విప్పి పక్కన పెట్టేది కాదు తమ్ముడూ" అని హెడ్‌ఫోన్లు అతని చెవులకు తగిలించి, మైకు ముందు నోరు తెరిచి నిలబడింది. అతను విన్నాడు. ఏం చెయ్యాలో తోచక తల గోక్కున్నాడు.

వెనకే వచ్చిన డైరెక్టరమ్మకు సంగతి అర్థమైంది. "మెషిన్‌లో తీసెయ్యలేవూ?"

"తీస్తానండీ. దాంతోపాటు గుసగుసలో ఊపిరీ పోతుంది" అంటూ అతను వెళ్ళి చప్పుడు తీసేసిన ముక్క వినిపించాడు. పిల్లను నిద్రపుచ్చుతున్న తల్లి రైలు రాకపోకలు చెబుతున్నట్టుంది.

"బాగానే ఉందిగా అక్కా! చూసేవాళ్ళకేం తెలుస్తుంది?" అంది డైరెక్టరమ్మ, ఆవిడ మొహంలోకి చూడకుండా.

"ఆ రోజు డాక్టరు అడిగాడమ్మా, ఏం చేస్తుంటారని. గుసగుసలాడతాను, అదే నా పని అని ఒక్క ముక్క చెప్పుంటే..."

"చెప్పుంటే?"

"ఏమో. చివరికి ఇదే వేసేవాడేమో. కానీ నేను నవ్వులాటగా అనేశాను."

ఆవిడ నోరు మూసుకుని, కాయితాలు ఒకదానిమీద ఒకటి సర్ది బల్లమీద పెట్టింది. హెడ్‌ఫోన్ల తీగ చుట్టి కొక్కేనికి తగిలించింది.

"సంతలూ, కొట్లాటలూ, గోలగా ఉండే సీన్లేవైనా ఉంటే పిలవండి, వస్తాను. ఈ తల్లికి మాత్రం రేపట్నుంచి ఇంకో గొంతు చూసుకోండి."