మా అత్త కొలిచిన నడక

మొన్న సాయంత్రం మా మనవరాలు వసారాలో కూర్చుని ఫిజిక్స్ లెక్క ఒకటి పైకి చదువుతోంది. ఒకామె ఇంటి నుంచి బజారుకి ఇంతసేపట్లో వెళ్లి, తిరిగి రావడానికి దానికి రెట్టింపు సేపు తీసుకుందట, ఆమె సగటు వడి ఎంత అని ప్రశ్న. అదే దారిలో అంత ఆలస్యంగా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో ఆగి ఉంటుంది, ఎక్కడ ఆగిందో ముందు చూడమ్మా అన్నాను. అది లెక్కలో లేదు అమ్మమ్మా అని నవ్వేసి, జవాబు రాసి పుస్తకం మూసేసింది. నాకు మాత్రం ఆ బజారుకెళ్లిన ఆవిడ మీద అనుమానం పోలేదు. కూరల సంచీ పక్కన పెట్టి ఏ అరుగు మీద చేరిందో, ఎవరితో మాట్లాడిందో అనుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకి ఈ పాఠమే చెప్పిన మనిషిని, ఆవిడ ఆగకుండా వచ్చిందంటే నేనెలా నమ్ముతాను?

పెళ్లయిన కొత్తలో మా కాపురం నందిగాం దగ్గర పల్లెలో, అత్తమామల ఇంట్లో. నాకు ఉద్యోగం వచ్చింది భావనపాడు అవతల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న బడిలో, సైన్సు టీచరుగా. టెక్కలిలో బస్సు మారి వెళ్లాలి, మారి రావాలి. కోడలు బస్సెక్కి ఉద్యోగానికి పోవడం మా మామగారికి మొదటి నుంచీ మింగుడు పడని వ్యవహారం. పలాసలో గుమస్తాగా ఉన్న మా ఆయన నచ్చజెప్పగా సరేనన్నారు గానీ, ఊళ్లో ఒక్క మాట పుట్టిందంటే మర్నాటి నుంచి గడప దాటక్కర్లేదని అప్పుడే తేల్చి చెప్పేశారు. ఆ మాట పుట్టకుండా కాపలా కాసే పని మా అత్త మీద పడింది. నా ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇంట్లో అందరికీ కోడలినే అయిన నాకు ఆ బడి ఒక్కటే నా సొంతం. అది పోతే నాకింకేమీ మిగలదని నిద్రలో కూడా భయంగా ఉండేది.

మా అత్త దగ్గర గడియారం లేదు, అవసరమూ పడలేదు. పెద్దరోడ్డు మలుపులో నా బస్సు హారను మోగితే మా వంటింట్లోకి వినపడేది. వినపడగానే మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేది. గంజి వార్చే వేళకి నేను గుమ్మంలో ఉండాలి. రోడ్డు నుంచి ఇంటికి జీడితోటల మధ్య ఒకటే దారి, దారిలో ఒక కాలువ, కాలువ మీద కల్వర్టు, అంతకు మించి ఇల్లు లేదు, వాకిలి లేదు, ఆగడానికి కారణమూ లేదు. అయినా ఒకరోజు గంజి వార్చకముందే వచ్చేదాన్ని, ఇంకోరోజు అన్నం దించి పులుసు పెట్టాక వచ్చేదాన్ని. "నిన్న గెంజి వార్సకముందే వచ్చీసినావు. ఇయ్యాల పులుసు మరిగిపోనాది. దారేటైనా సాగిందేటి?" అనేది, నా మొహం చూడకుండా, గరిటె వంక చూస్తూ.

అడిగి ఊరుకునే మనిషి కాదు. ఎప్పుడైనా నాతోపాటు బస్సు దిగి ముందే ఇల్లు చేరిన పక్కింటి పెద్దమ్మని పిలిచి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, బస్సు వేళకే వచ్చిందా అని ఆరా తీసేది. నా చెప్పులు తిరగేసి ఏ నేల మట్టి అంటుకుందో చూసేది. బస్సులో చేపల తట్టల పక్కన నిలబడి వచ్చేదాన్ని కాబట్టి చీరకి నీచు వాసన ఉండేది, దాన్ని కూడా రెండుసార్లు పీల్చి గానీ ఆరేసేది కాదు. నేనేమైనా తక్కువ తిన్నానా? అడిగిన ప్రతిదానికీ ఒక సమాధానం సిద్ధంగా ఉంచుకునేదాన్ని. ఒకసారి సైన్సు టీచర్నన్న ధీమాతో, మనిషి నడక ఎప్పుడూ ఒక్కలా ఉండదు అత్తా, బరువుంటే నెమ్మది, ఎండైతే వేగం, దీన్ని అసమ చలనం అంటారని బోధ చెయ్యబోయాను. బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆసాంతం విన్నది. "సదువుకున్నోలు ఆలీసానికి కూడా పేరెట్టీసినారన్నమాట" అని చింతపండు పిసకడంలో పడిపోయింది.

విచిత్రం ఏమిటంటే అదే రోజుల్లో బడిలోనూ అదే పాఠం నడుస్తోంది. పిల్లలందరూ చేపల వేటకెళ్లే కుటుంబాల వాళ్లు. పుస్తకంలోని కారూ రైలూ వాళ్లకి తలకెక్కడం లేదని బయటికి తీసుకొచ్చి, ఒడ్డు నుంచి బస్సు దగ్గరికి తట్టలతో వెళ్లే వాళ్ల అమ్మల్నే చూడమన్నాను. కాలే ఇసకలో పరుగు, సరుగుడు చెట్ల నీడలో నెమ్మది, తల మీద తట్ట కింది చుట్టకుదురు సర్దుకోవడానికి ఒకచోట నిలబడడం, బస్సు చప్పుడు వినపడగానే మళ్లీ పరుగు. దూరాన్నంతా కాలమంతటితో భాగిస్తే వచ్చేది సగటు వడి, ఆ వడితో ఆవిడ దారిలో ఎక్కడా నడిచి ఉండకపోవచ్చు అని చెప్పాను. ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "టీసరమ్మా, సగటు సూత్తే మాయమ్మ ఎక్కడ ఆగిందో తెల్దు గదా?" అంది. తెలియదన్నాను. "అయితే మంచిదే" అని కూర్చుంది. ఆ పిల్లకి నా సంగతి ఏమైనా తెలుసా అని ఆ రోజంతా దాన్ని ఓరకంట చూస్తూనే ఉన్నాను. తెలిసే వీలే లేదు, కానీ అనుమానం అంటుకునే జబ్బు, మా అత్త నుంచి నాకూ పాకిపోయింది.

సంగతి ఏమిటంటే, నేను ఆగేదాన్ని. కల్వర్టు గట్టు మీద కూర్చునేదాన్ని. ఎవరి కోసమూ కాదు. వెనక బడి గోల, ముందు ఇంటి చాకిరీ, మధ్యలో ఆ కాస్త సిమెంటు గట్టు మీద నేను ఎవరికీ ఏమీ కాను. సంచీ ఒళ్లో పెట్టుకుని నీళ్ల వంక చూసేదాన్ని. మనసు బాగున్ననాడు దాటి వచ్చేసేదాన్ని, బాగోలేనినాడు లేవబుద్ధి అయ్యేది కాదు. ఇది ఇంట్లో ఎలా చెప్పను? ఎవరినో కలుసుకున్నానంటే తిట్టడానికైనా అర్థమవుతుంది, ఊరికే కూర్చున్నానంటే ఆ కాలంలో నమ్మేదెవరు?

ఒకరోజు ఆ గట్టుకి రోడ్డు వాళ్లు కొత్తగా సున్నం వేశారు. చూసుకోకుండా కూర్చుని లేచి వచ్చేశాను. చీర వెనక తెల్లటి మరక చూసి మా అత్త ఏమిటది అంది. బడిలో సుద్ద అన్నాను. "సుద్దముక్కతో ఎనకాల కూడా రాత్తారేటి మీ బడిలో?" అంది. ఆ మరకని గోటితో గీకి చూసుకుంది. 

ఆ మర్నాడు కల్వర్టు దగ్గరికి వచ్చి, కూర్చోకూడదనుకుంటూనే కూర్చున్నాను. కాసేపటికి తోటలో ఎండిన జీడాకులు గలగలమన్నాయి. పశువేమో అనుకున్నాను. ఆకులు ఆగాయి, మళ్లీ కదిలాయి. చెట్టు చాటు నుంచి మా అత్త బయటికొచ్చింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, తలలో జీడిపూత రాలి ఉంది. నా ఉద్యోగం ఆ క్షణంతో సరి అనుకున్నాను. 

"ఎవలొత్తారు?" అంది.

ఎవరూ రారు అత్తా అన్నాను.

"మరేటి సేత్తన్నావిక్కడ?"

ఏమీ లేదన్నాను. దారి అటు చూసింది, ఇటు చూసింది, కాలువలోకి కూడా వంగి చూసింది. ఎవరైనా వస్తారని ఇంకా ఎదురుచూస్తోందని తెలుస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. చివరికి తనూ గట్టు ఎక్కి నా పక్కన కూర్చుంది. పొట్టి మనిషి, కాళ్లు నేలకి అందలేదు. ఇద్దరం నీళ్ల వంక చూశాం. భయంతో నేనే లేవబోతే, నా మోచెయ్యి పట్టుకుంది. "ఉండు. కూకో కాసేపు" అంది. ఆ గొంతు నేను అంతకు ముందు విన్నది కాదు.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద అన్నం మాడి వీధి దాకా వాసన. మామగారు గుమ్మంలో నిలబడి మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు. ఎక్కడికెళ్లారన్నారు. "పొయ్యి కాడ కునుకట్టీసింది నాకు. దీని బస్సు ఆలీసం. ఎదురెల్లి తెచ్చినాను" అంది మా అత్త, తడుముకోకుండా. పొయ్యి దగ్గర కునుకు తీయడం ఆవిడ జన్మలో లేదు. ఆ మాట మామగారు నమ్మారో లేదో గానీ మాడిన అన్నమే తిని లేచారు.

నేను మాత్రం నమ్మలేదు. ఈ దయ ఎందుకొచ్చింది, ఎప్పుడు బయటపెడుతుంది అని ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను. మామగారి ముందు ఎప్పటిలాగే దారి సాగిందేటి అని గద్దించేది, నేను ఎప్పటిలాగే తల దించుకునేదాన్ని. అయితే హారను వినపడ్డాక బియ్యం వెంటనే పోయడం మానేసిందని చాలా ఆలస్యంగా గమనించాను. దాని వెనక కూడా ఏదో ఎత్తు ఉంటుందనే అనుకున్నాను. ఆవిడ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, ఆ రోజు నన్నెందుకు పట్టివ్వలేదత్తా అని అడిగాను.  "నాకు కూకునే సోటు దొరకనేదు గదే" అంది.

ఆవిడ పోయాక కూడా చాలాకాలం అదే బస్సు దిగాను, అదే దారిలో నడిచాను. వంట కుక్కర్లోకి మారింది, హారను విని బియ్యం పోసేవాళ్లు లేరు, చెప్పులు తిరగేసేవాళ్లు లేరు. ఇప్పుడు మా ఇంటి ఆడపిల్లలు ఎప్పుడు వెళ్లినా, ఎప్పుడు వచ్చినా ఎవరూ అడగరు, అది మంచిదే, అలాగే ఉండాలి. ఆవిడ పోయాక నేనూ ఎక్కడైనా, ఎంతసేపైనా ఆగి ఉండొచ్చు. కానీ బస్సు దిగాక ఆ కల్వర్టు గట్టు దగ్గర కూడా ఆగబుద్ధి కాక, ఒకే నడకతో తిన్నగా ఇంటికి వచ్చేసేదాన్ని.