మైకు లేవి వెనక్కిచ్చిన జత

కల్లూరులో లేవి ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ లేవి అని ఎదురడుగుతారు. మైకు లేవి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. ముప్పై ఏళ్ళు మైకుసెట్టు బాడుగకిచ్చి బతికినవాడు. పెళ్ళిళ్ళకీ, సువార్త కూటాలకీ, సమాధి ప్రార్థనలకీ, ఓట్ల మీటింగులకీ అతని బాకాలే మోగాయి. ఎవరెవరి గొంతులనో పెద్దవి చేసి ఊరికి వినిపించాడు గానీ, తీరిగ్గా కూర్చుని తనకోసం ఒక్క పాట విన్న పాపాన పోలేదు.

తరువాత డీజే పెట్టెలు వచ్చాయి. గుండెలు అదిరితేనే పాట అనుకునే రోజులు వచ్చాయి. లేవికి అది గిట్టలేదు. గిట్టినా చేసేదేమీ లేదు, అప్పటికే నడుము పనికి రాకుండా పోయింది. ఉన్న సామాను అమ్మేసి, సామాను పెట్టుకునే గది ఖాళీ చేశాడు. పదడుగులకు పదకొండడుగుల గది. ఇందులో రెండు మంచి స్పీకర్లు పెట్టుకుని ఇక ఉన్నన్నాళ్ళూ పాటలు వింటానని భార్య కృపారాణితో చెప్పాడు. నేలంతా కడప బండలు, గోడలేమో బోసివి. చిటికె వేస్తే గది గణగణమనేది. దాన్ని అణచడానికి గోడలకు పాత బొంతలు కట్టాడు, నేలమీద జంపఖానా పరిచాడు. యాభై ఏడేళ్ళవాడు కొత్త కాపురం పెట్టేవాడిలా హడావిడి పడుతుంటే కృపారాణి నవ్వుకుంటూ సుత్తీ మేకులూ అందించింది.

అతని చెవి గురించి ఒక మాట చెప్పాలి. కల్లూరికి రాకముందు ఉన్న సొంతూరి క్రైస్తవ సంఘంలో పాట మీద ఏ తగువు వచ్చినా లేవినే అడిగేవాళ్ళు. శృతి వెంట్రుకవాసి జారినా ముఖం చిట్లించేవాడు, ఆ ముఖం చూసి పాడేవాళ్ళు సర్దుకునేవాళ్ళు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పేటప్పుడైనా ఎవరో ఒకరు అనుమానపడేవాళ్ళేమో గానీ, లేవి చెవిని అనుమానించినవాళ్ళు లేరు. అతనూ ఎప్పుడూ అనుమానించుకోలేదు.

కడపలో అరుణ్ కుమార్ అని ఒకతను ఉన్నాడు. పగలు ఆఫీసు ఉద్యోగం, సాయంత్రం మేడ మీద స్పీకర్ల బేరం. స్పీకరు అంగట్లో విని కొనేది కాదని, ఏ గదిలో పెడతామో ఆ గదిలోనే వినాలని అతని సిద్ధాంతం. చిన్న గదికి సరిపోయే రెండు జతలు లేవికి ఇచ్చి, పది రోజులు రెండూ విని, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చివ్వమన్నాడు. ఒకటి గోధుమరంగు జత. అది అన్ని గొంతులనూ కలిపి తియ్యగా వినిపిస్తుంది. రెండోది నల్ల జత. అది ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, ఎవరు ఎక్కడ నిలబడి పాడారో వేలు పెట్టి చూపిస్తుంది. బాగా ఎరిగిన పాటతో పరీక్ష చెయ్యమని కూడా చెప్పాడు.

లేవి బాగా ఎరిగిన పాట ఒకటుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ మైకు ఎవరి ముందు ఉందో తెలిసిన పాట, తన చేత్తో రికార్డు చేసిన పాట. ఆ క్యాసెట్టు ఇరవై ఏడేళ్ళుగా ట్రంకుపెట్టె అడుగున పడుంది. అరుణ్ కుమారే దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు.

సొంతూరి సంఘానికి నూరేళ్ళు నిండిన సంవత్సరం అది. పండగకి పాటల క్యాసెట్టు చెయ్యాలనుకున్నారు. పాడే గుంపుకి ముందుండి నడిపించేది లేవి చెల్లెలు రత్నమణి. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, పాటంటే చెవి కోసుకునేది, నిద్రలో కూడా కూనిరాగం తీసేది. కృపారాణి కొత్తగా కాపురానికి వచ్చి, ఆడబిడ్డ పక్కన నిలబడి పాడడం మొదలుపెట్టింది. లేవి రెండు మైకుల రికార్డరు ఒకటి కర్నూలు నుంచి రెండు రోజులకి అడిగి తెచ్చాడు. ఎడమ మైకు రత్నమణి ముందు, కుడి మైకు కృపారాణి ముందు పెట్టాడు. మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు.

ఒక పాట మూడో చరణంలో రాగం పైకి ఎక్కే చోట వీళ్ళిద్దరే పాడాలి. అక్కడ ఒక గొంతు శృతి అందుకోలేక కిందికి జారింది. పెద్దలంతా కూర్చుని విన్నారు. లేవి దగ్గర ఉన్నది ఒక్కటే బాకా, రెండు మైకుల్లో పట్టినదంతా దాంట్లో కలిసిపోయి వచ్చేది. తప్పు తెలుస్తోంది గానీ ఎవరిదో తెలియలేదు. ఎవరిది లేవీ అని అయ్యగారు అడిగారు. లేవి మూడుసార్లు వేసి విని, మా చెల్లెలిదే అయ్యగారూ అన్నాడు.

ఎందుకన్నాడు? కొత్త పెళ్ళాం మీదికి అనుమానం పోనేలేదు, అది ఒకటి. రెండోది అతను ఇన్నేళ్ళూ తనకు తానే ఒప్పుకోనిది. సొంత చెల్లెలి తప్పు నలుగురిలో చెప్పడంలో ఒక గొప్ప కనిపించింది. అనుకున్నట్టే పెద్దలు మెచ్చుకున్నారు. తోడబుట్టిందని కూడా చూడలేదు, న్యాయమంటే అదీ అన్నారు. రత్నమణి అన్న ముఖంలోకి ఒక్కసారి చూసి తల వంచుకుంది. మరునాడు ఆమె లేకుండా, శృతి కొంచెం తగ్గించి అదే పాట మళ్ళీ పాడించారు. చక్కగా వచ్చింది, పండగకి అదే పంచారు. మొదటి రోజు క్యాసెట్టు లేవి ట్రంకుపెట్టెలో పడింది. శృతి తగ్గించిన సంగతి ఎవరూ తలుచుకోలేదు, రత్నమణి లేకపోబట్టే బాగా వచ్చిందనుకున్నారు.

ఆమె ఇక గుంపులోకి రాలేదు. మరుసటేడు మంగంపేటలో ముగ్గురాయి గనుల్లో పనిచేసే అతనికిచ్చి పెళ్ళి చేశారు. గుడిలో అందరితో పాటు లేచి నిలబడుతుంది, పుస్తకం తెరుస్తుంది, నోరు మాత్రం తెరవదు. మంచికీ చెడ్డకీ అన్న ఇంటికి వస్తుంది, వండుతుంది, వడ్డిస్తుంది. పాట మాట ఎత్తితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఎంత పౌరుషమో మా చెల్లెలికి అని లేవి నలుగురితో చెప్పి నవ్వేవాడు.

ముందు గోధుమరంగు జత పెట్టి ఆ పాట విన్నాడు. బాగుంది. ఆ ఒక్క చోట మాత్రం గొంతు జారింది, జారిందని తెలిసిందే గదా అనుకున్నాడు. తరువాత నల్ల జత పెట్టాడు. మొదటి చరణానికే ఒళ్ళు జలదరించింది. ఎడమ పక్క రత్నమణి, కుడి పక్క కృపారాణి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది. మూడో చరణం వచ్చింది. ఎడమ గొంతు తాపీగా మెట్లెక్కినట్టు ఎక్కింది. జారింది కుడి గొంతు.

తీగలు అటుదిటు తగిలించానేమో అని చూసుకున్నాడు. సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ వేశాడు. ఎడమ స్పీకరు ఒక్కటే పెట్టి విన్నాడు. చెల్లెలి గొంతులో పిసరంత తేడా లేదు. కృపారాణి టీ తెచ్చి, ఏం పాట అది, ఎక్కడో విన్నట్టుందే అని అడిగితే చప్పున ఆపేసి వేరే పాట పెట్టాడు. ఆమె కాసేపు నిలబడి విని, ఈ నల్లవే బాగున్నాయి, మాట శుద్ధంగా వినపడుతోంది అని చెప్పి వెళ్ళింది. లేవి టీ తాగడం మరిచిపోయాడు. చెల్లెలి ముఖం, ఆ రోజు ఒక్కసారి తన వైపు చూసిన ముఖం, కళ్ళ ముందు నుంచి పోలేదు. తన చెవిని తానే పీకి పారేసుకోవాలన్నంత అసహ్యం వేసింది.

మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే బస్సెక్కి కడపలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని మంగంపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రత్నమణి వసారాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. భర్త పనికి పోయాడు. చెప్పాపెట్టకుండా వచ్చిన అన్నను చూసి కంగారుపడి, వదిన బాగుందా అని అడిగింది. నీళ్ళు తాగి, లేవి జరిగింది జరిగినట్టు చెప్పాడు. రత్నమణి చేట పక్కన పెట్టింది.

"నాకు తెలుసు లేన్నా. ఆ పొద్దు పాడతాండంగానే తెలుసు. వదిన నా పక్కనే గదా ఉండింది."

"మరి ఒక్క మాట ఏల చెప్పలేదమ్మా?"

"పాడింది ఇద్దరమే గదా. నాది కాదంటే ఇంగ ఎవరిదని? వదిన వచ్చి మూన్నెల్లు గూడా కాలేదు, సంఘమంతా ఆడే ఉండ్రి." అన్న వైపు తిరిగింది. "నువ్వే కనుక్కుంటావనుకుంటి. ఇంగోసారి వింటావు, వినంగానే తెలుస్తాది అనుకుంటి. నీ చెవి మీద నాకు శానా నమ్మకం. శానా దినాలు సూసినా అన్నా."

లేవి తల పట్టుకున్నాడు. పౌరుషం అనుకున్నాడు ఇన్నేళ్ళూ. తనకోసం ఎదురుచూస్తోందని తట్టనేలేదు. వచ్చే ఆదివారమే సొంతూరికి పోయి, గుడిలో అందరి ముందూ నిలబడి చెప్పేస్తానన్నాడు. నువ్వు మళ్ళీ పాడాలి అని చేతులు పట్టుకున్నాడు. ఆమె మెల్లగా చేతులు విడిపించుకుంది.

"ఏం పాడేదన్నా? నా బిడ్డకి జోల గూడా పాడలేదు. పాడదామని నోరు తెరిస్తే ఆ పొద్దు గుర్తొచ్చేది. ఇప్పుడు ఆ గొంతు యాడుండాది?"

తరువాత ఆమె అడిగింది ఒక్కటే. వదినకి ఈ సంగతి చెప్పకూడదు. ఆమెకి ఏమీ తెలియదు, తెలిస్తే తట్టుకోలేదు, ఈ వయసులో ఆమెను ఏడిపించి ఎవరికి ఏం లాభం. ఇప్పుడు చెప్పేస్తే నేను ఇన్నేళ్ళు మోసిందంతా ఉత్తదైపోతుంది అంది. మాట ఇచ్చేదాకా అన్నను కదలనివ్వలేదు. లేవి ఇచ్చాడు. ఆమె లేచి పొయ్యి వెలిగించి అన్నకి కోడిగుడ్డు కూర చేసి పెట్టింది. ఆ కూర ఎలా ఉందో అతనికి తెలియలేదు.

పదో రోజున లేవి నల్ల జతను అట్టపెట్టెలో పెట్టి కడప తీసుకుపోయి ఇచ్చేశాడు. అరుణ్ కుమార్ ఆశ్చర్యపోయాడు. నీలాంటి చెవి ఉన్నవాడు దాన్ని వదులుకోవడమేమిటని, ఇంకో వారం ఉంచుకుని చూడమని బతిమాలాడు. లేవి తన ఈడుకి తియ్యగా ఉండేవే చాలన్నాడు. ముప్పై ఏళ్ళ మైకుసెట్టు బతుకులో ఉన్నదాన్ని ఉన్నట్టు వినాలని తప్ప అతను ఇంకేదీ కోరుకోలేదు. ఇంటికి వచ్చి గోధుమరంగు పెట్టెలు రెండూ కడప బండ ముక్కల మీద నిలబెట్టి, వాటి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.

ఆ ఆదివారం గుడి నుంచి వచ్చాక కృపారాణి కూడా ఒక కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఆ పాట ఏదో ఆమెకి గుర్తొచ్చింది. నేను వస్తే ఆపేస్తున్నావు, నా పాట నన్ను విననీవా అని నిష్ఠూరమాడింది. వద్దనడానికి లేవికి ఏ సాకూ దొరకలేదు. పెట్టాడు.

కృపారాణి కళ్ళు మూసుకుని వింది. మా గొంతులు ఎంత లేతగా ఉండేవో అని మురిసిపోయింది. మూడో చరణం వచ్చింది. రెండు గొంతులూ కలిసి ఎక్కాయి, ఒకటి జారింది. ఎవరిదో ఆ పెట్టెలు చెప్పలేదు. కృపారాణి కళ్ళు తెరిచింది, ఆ కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి.

"ఈడే గదా రత్నమణికి తప్పింది. పాపం, దీనికే గదా ఆ పిల్ల పాట మానుకునింది. నేనన్నా ఆ పొద్దు లేచి, నాదే తప్పేమో అనుంటే అయిపోయేది. మనసు రాలేదు నాకు." ఎప్పటిలా బిడ్డ పేరు పెట్టి పిలుస్తూ భర్త వైపు తిరిగింది. "దీవెన నాయినా, ఇంగోసారి వినినావు గదా ఇప్పుడు. అది రత్నమణిదే గదా?"

లేవి నోరు తెరిచాడు. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

"అవును కృపా. రత్నమణిదే" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాట ఇంకా రెండు చరణాలు మిగిలి ఉంది. ఇద్దరూ చివరిదాకా కూర్చుని విన్నారు.