సారు కొలతకు అందని ఇనుము

పోయిన ఆదివారం పొద్దున బూర్గంపాడులో మణుగూరు బస్సు కోసం నిలబడి ఉంటే, కండక్టరు మెట్టు మీద నుంచే నన్ను గుర్తుపట్టాడు. "మేడమ్, మీ కెమిస్ట్రీ సారు పోయిండ్రంట. మొన్న ఖమ్మం దవాఖానాల. మీకు తెల్వదా?" అన్నాడు. అతనూ ఆయన దగ్గర చదివినవాడే. నాకు తెలియదు. టికెట్ ఇవ్వడానికి నా సీటు దగ్గరకు వచ్చినప్పుడు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. "ఆఖర్ల గూడ నీళ్ల రిపోర్టు, నీళ్ల రిపోర్టు అన్నరంట. ఇంట్లోళ్లకు సమజ్ కాలె."

నాకు అయింది. అందుకే ఇది రాస్తున్నాను.

పాఠం చెప్పిన సారు పోతే ఎవరైనా నాలుగు మంచి మాటలు రాస్తారు. నేనూ రాస్తాను, ఆయన వాటికి తగిన మనిషే. కానీ ఆయన బతుకులో సగాన్ని ఒక తప్పు తినేసింది. ఆ తప్పులో నా చెయ్యి ఉంది. నా చెయ్యి సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు కూడా దాన్ని దాటేసి ఆయన మంచితనం గురించి రాస్తే, అంతకన్నా సిగ్గుమాలిన పని ఉండదు.

మా కాలేజీ పేరు రాయను. గోదావరికి దగ్గర్లోనే ఉండేది, డెబ్బైల చివర్లో నేను అందులో బీఎస్సీ చేరాను. మా నాన్నకు బూర్గంపాడులో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టే దుకాణం. "ఆడపిల్లను సైన్సు చదివించి ఏం జేస్తవ్ భాయ్?" అని దుకాణానికి వచ్చినవాళ్లంతా అడిగేవారు. ఆయన గిన్నె తిప్పుకుంటూ ఊరుకునేవాడు. సారు వాళ్లది కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొనుక్కున్న రైతు కుటుంబం. ఆయన "ఏమ్మా, వచ్చావా" అని మెత్తగా దీర్ఘం తీస్తే మగపిల్లలు వరండాలో అచ్చం అలాగే అని నవ్వుకునేవారు. ఆయనకు తెలుసు. ఒకసారి వాళ్ల వెనకే నిలబడి, "ఆ దీర్ఘం ఇంకొంచెం సాగాలిరా" అని సరిచేశాడు కూడా.

ఎవరింటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసు ముందు వెలుతురుకేసి పట్టి చూసేవాడు. తర్వాత ఒక గుక్క నోట్లో తిప్పి, "కాస్త కఠినమేనమ్మా" అనో "మెత్తటి నీళ్లు" అనో తీర్పు చెప్పేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడూ అంతే చేశాడు. ఆయన వెళ్లాక మా అమ్మ మూతి ముడిచి, "ఏంది, మీ సారు మా నీళ్లకు గూడ మార్కులేస్తడా?" అంది. ఆ రోజు ఆయన వచ్చింది నీళ్ల కోసం కాదు. ల్యాబులో అమ్మోనియం క్లోరైడ్ అయిపోయింది. కళాయి పెట్టే ముందు మా నాన్న వేడి గిన్నె మీద చల్లే నౌసాదర్ అదే పొడి. రెండు గుప్పెళ్లు పొట్లం కట్టించుకుపోయి, కరిగించి, మరిగించి, మళ్లీ తెల్లటి పలుకులుగా తీసి మాతో ప్రయోగం చేయించాడు. మా నాన్న ఆ సంగతి నెల రోజులు దుకాణంలో చెప్పుకున్నాడు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం నీళ్లలో లోహాన్ని కొలవడం. ఇ.డి.టి.ఎ. అని ఒక తెల్లపొడి ఉంటుంది. దాన్ని కరిగించి, సన్నని గాజు గొట్టం నుంచి, అంటే బ్యూరెట్ నుంచి, చుక్కచుక్కగా నీళ్లలోకి వదిలితే అది లోహాన్ని వెతికి పట్టుకుంటుంది. "ఎండ్రకాయ పట్టినట్టు పడుతుంది, ఇక వదలదు" అనేవాడు సారు. నీళ్లలో ముందే ఇండికేటర్ వేసి ఉంచుతాం కాబట్టి, లోహమంతా పట్టుబడిన క్షణాన రంగు మారిపోతుంది. ఎంత ద్రావణం దిగిందో చూసి లోహం ఎంతో లెక్క కడతాం, దీన్నే టైట్రేషన్ అంటారు. ఆ ఒక్క చుక్క దగ్గర ఆగడమే విద్య. నాకు ఓపిక తక్కువ. దాటించేసి, పక్కవాడి రీడింగు రాసుకున్నాను. రెండోరోజే పట్టుకున్నాడు.

"పక్కవాడి రీడింగు నీ ఫ్లాస్కులో ఎలా దిగిందమ్మా?"

తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు. "తప్పు వస్తే తప్పే రాయి. తప్పు రీడింగు నుంచి ఎప్పటికైనా ఏదో ఒకటి తెలుస్తుంది. దొంగ రీడింగు నుంచి ఏమీ తెలియదు" అన్నాడు. నాకు రసాయనశాస్త్రం వచ్చిందంటే ఆ మాటతోనే వచ్చింది.

డిగ్రీ అయ్యాక అదే ల్యాబులో నన్ను సహాయకురాలిగా పెట్టుకున్నారు. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మణుగూరు దారిలో అడవి లోపలి గూడెం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ల్యాబు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాళ్ల గూడెంలో కొత్తగా బోరింగు వేశారు. ఆ నీళ్లు ఎవరూ తాగడం లేదు.

"కొట్టంగనే తెల్లగనే వస్తయ్ సారూ. పొద్దుమీకేసరికి బిందెల ఎర్రగైతయ్. అన్నం ఎర్రగైతాంది, పిల్లలు తింటలేరు. మల్ల వాగు నీళ్లకే పోతున్నం. మాకు బావి కావాలె. ఇంజనీరు సారేమో నీళ్లు బాగలేవని సైన్సోళ్లతోని కాయితం తెస్తే రాస్త అన్నడు."

వాన మొదలైతే ఆ వాగు నీళ్లు ఏం చేస్తాయో అందరికీ తెలుసు. సారు ఆ వారమే బయలుదేరాడు, నేనూ వెళ్లాను. బస్సు దిగి చాలా దూరం నడిచాం. రెండు గాజు సీసాలు అక్కడి నీళ్లతోనే మూడేసిసార్లు కడిగి, మూతి దాకా నింపి, గుడ్డలో చుట్టి తెచ్చాం. మర్నాడు ల్యాబులో చూస్తే నీళ్లు కలకబారి ఉన్నాయి, అడుగున గోధుమరంగు మడ్డి. మడ్డి నీళ్లు పిపెట్‌లోకి తీయకూడదని మా ల్యాబులో మొదటి పాఠం. సారు అటు తిరిగి బ్యూరెట్ నింపుతూ, "వడకట్టమ్మా" అన్నాడు. ఫిల్టర్ కాగితం మడిచి గరాటులో పెట్టి నేనే వడకట్టాను. కింద నీళ్లు అద్దంలా దిగాయి. కాగితం తీసి చెత్తబుట్టలో వేశాను.

ఇనుము ఉంటే ఇండికేటర్ వేయగానే నీళ్లు నేరేడు రంగుకు తిరగాలి, ఇ.డి.టి.ఎ. పట్టేశాక ఆ రంగు పోవాలి. మా ఫ్లాస్కులో రంగు వచ్చీరానట్టు వచ్చింది. ఒకటి రెండు చుక్కలకే పోయింది. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అంతే. రిపోర్టు రాశాడు: ఇనుము లేనట్టే, నీళ్లు తాగడానికి పనికొస్తాయి.

కాగితం తీసుకోవడానికి గూడెం పెద్ద మళ్లీ వచ్చాడు. చదివి వినిపించాం. "మరి అన్నం ఎందుకు ఎర్రగైతాంది సారూ?"

"గిన్నె తుప్పు పట్టి ఉంటుంది పెద్దాయనా."

"మావి మట్టికుండలు సారూ."

అయినా సారు సంతకం పెట్టాడు. మూడుసార్లు ఒకే రీడింగు వచ్చింది కదా అనుకున్నాం. ఆ కుండ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే చాలు. ఆగలేదు. చదువుకున్నవాళ్లం కదా.

బావి రాలేదు. మంచి నీళ్లిచ్చే బోరింగు ఉండగా ఇంకో బావి ఎందుకని ఇంజనీరు ఆఫీసు రాసింది, మా రిపోర్టు జతచేసి. వానలు పడ్డాయి. వాగు బురదతో ఎర్రగా పారింది. గూడెంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ముగ్గురు పిల్లలు పోయారు. అందులో గూడెం పెద్ద మనవరాలు ఒకతి. భద్రాచలం ఆసుపత్రికి మంచాల మీద మోసుకొస్తుంటే దారిలోనే అయిపోయిందని తర్వాత విన్నాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ల్యాబు సర్దుతుంటే గూడెం నీళ్లు తెచ్చిన రెండో సీసా కనిపించింది. అడుగున పట్టిన మరక బ్రష్షుతో పోలేదు. కొంచెం యాసిడ్ పోసి ఆడించాను. మరక చిటికెలో కరిగి నీళ్లు పసుపుపచ్చగా తేలాయి. ఎదురు బల్ల దగ్గరున్న సారు చూశాడు. సీసా నా చేతిలోంచి తీసుకుని ఇండికేటర్ వేశాడు. చిక్కటి నేరేడు రంగు. బ్యూరెట్ తిప్పాడు. చుక్కలు పడుతూనే ఉన్నాయి, రంగు పోదే.

"ఇనుమంతా కాగితం మీదే ఉండిపోయిందమ్మా" అన్నాడు.

భూమి లోపల ఇనుము నీళ్లలో కరిగే ఉంటుంది, కంటికి కనపడదు. గాలి తగిలితే తుప్పయి అడుగుకు దిగుతుంది. బోరింగు దగ్గరే సీసాలో నాలుగు చుక్కలు యాసిడ్ వేసి ఉంటే అది కరిగే ఉండేది. మేం వేయలేదు. దిగినదాన్ని వడకట్టి పారేసి, మిగిలిన నీళ్లను జాగ్రత్తగా మూడుసార్లు కొలిచాం.

సారు యాసిడ్ సీసాతో మళ్లీ గూడెం వెళ్లాడు, నేనూ వెళ్లాను. గూడెం పెద్ద పక్కన నేల మీద కూర్చుని, "తప్పు నాది. నీళ్లు నేనే వడకట్టాను" అన్నాడు. వడకట్టింది నేనని చెప్పబోయాను, నోరు రాలేదు. ఆయన నా వైపు చూడనైనా లేదు. గూడెం పెద్ద తిట్టి ఉంటే బాగుండేది. "అయితే కాయితం మార్చు సారూ" అన్నాడంతే.

కొత్త రిపోర్టు పట్టుకుని ఆఫీసుకు వెళితే ఇంజనీరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "ఇదీ మీ సంతకమే, అదీ మీ సంతకమే. దేన్ని నమ్మాలె మాస్టారూ?" అన్నాడు. సారు మొదటిదాని మీద తప్పు అని రాసిస్తానన్నాడు. ఫైలులో పడ్డ కాగితం మీద రాయడం కుదరదన్నారు. ఆ ఇంజనీరు బదిలీ అయ్యాడు. కొత్తవాడు వచ్చాడు. సారు వెళ్లాడు. ఎవరు ఫైలు తెరిచినా మొదట కనిపించేది మొదటి రిపోర్టే. ఎంతమంది మారారో నేను లెక్కపెట్టలేదు, ఆయన పెట్టుకున్నాడేమో. ప్రతి ఎండాకాలం గూడెం వెళ్లి నీళ్లు తెచ్చేవాడు. యాసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కా జేబులన్నీ జల్లెడయ్యాయి. "ఎన్నిసార్లు చెయ్యాలమ్మా ఒకే టైట్రేషన్?" అని ఒక్కసారే అడిగాడు నన్ను, నవ్వబోయి.

ప్రతి బ్యాచికీ మొదటి క్లాసులో ఈ తప్పు చెప్పేవాడు. కుండ మాటతో సహా, పిల్లలతో సహా, ఏదీ దాచకుండా. ఎప్పుడు చెప్పినా "నేను వడకట్టాను" అనే చెప్పేవాడు. నేను అదే గదిలో సీసాలు తుడుస్తూ వినేదాన్ని. దొంగ రీడింగు రాయొద్దని నాకు చెప్పిన మనిషి, నా కోసం జీవితాంతం ఒక్క దొంగమాట చెప్పాడు. నేను చెప్పనిచ్చాను. దానికి కృతజ్ఞత అనాలో ఇంకేమనాలో నాకు తెలియడం లేదు.

కబురు విన్న రోజు నేను దిగాల్సిన చోట దిగలేదు. గూడెం దారి దగ్గర దిగి నడిచాను. గూడెం పెద్ద పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య ఉంది, చూపు మందగించింది. బోరింగు పక్కన చెట్టు నీడలో కూర్చుని ఉంది. సారు పోయాడని చెప్పాను.

"ఏ సారు? కాయితం మారుస్తనన్న సారా?" అంది. నా వైపు జరిగి, "మారిందా మరి?" అని అడిగింది.

"లేదు అవ్వా." ఇక ఆపుకోలేకపోయాను. "ఆ పొద్దు నీళ్లు వడకట్టింది సారు కాదవ్వా. నేను."

ఆమె నా మొహం కేసి అర్థంకానట్టు చూసింది. "వడకడితె మంచిదే గద బిడ్డా. దవాఖాన నర్సమ్మ గూడ గట్లనే చెప్పింది. మేమిప్పుడు వాగు నీళ్లు వడకట్టే తాగుతున్నం."

ఎండలో నడిచి వచ్చానని లేచింది. పాతచీర ముక్క నాలుగు మడతలు వేసి చెంబు మూతికి కట్టి, బిందెలోని వాగు నీళ్లు మెల్లగా పోసి, చెంబు నా చేతికిచ్చింది. తాగాను. ఆ తడి గుడ్డను గట్టిగా పిండి, దులిపి, ఆరడానికి బోరింగు హ్యాండిల్ మీద వేసింది.