పిల్లలకు వినడం నేర్పిన వసుంధర గారు

బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు కదులుతుండగా వసుంధర గారి చెల్లెలు ఫోన్ చేశారు. తెల్లవారుజామున అక్క వెళ్లిపోయిందని ఒక్క వాక్యంలో చెప్పారు. మూత్రపిండాల వ్యాధితో చాలాకాలంగా కృశిస్తున్న మనిషే. ఎప్పుడో ఒకనాడు వినవలసిన వార్తే. అయినా దిగ్భ్రాంతుణ్ణయ్యాను. తరగతికి వెళ్లి హాజరు పిలిచాను గానీ, ఎవరు పలికారో ఎవరు పలకలేదో ఇప్పటికీ చెప్పలేను.

ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ థియేటర్లలో పనిచేసేవారికి ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. తక్కినవారి కోసం రాస్తున్నాను. కోస్తా నుంచి యవ్వనంలోనే వచ్చి, జీవితంలో అధికభాగం కిటికీల్లేని చల్లటి గదుల్లో సౌండ్ ఎడిటర్‌గా గడిపారు. సంభాషణల మధ్య దూరిన ఆయాసాన్నీ, కుర్చీ కిర్రునీ, దూరపు హారన్‌నీ ఏరివేసి మాటను నిర్మలంగా నిలబెట్టడం ఆమె విద్య. చాలా సినిమాల్లో ఆ శ్రమ వేరొకరి పేరుతో తెరకెక్కింది. ఆ ప్రస్తావన తెస్తే, “పని నాదని నా చెవులకు తెలుసు కదండీ” అని మాట మార్చేసేవారు.

బస్తీని ఆనుకుని ఉన్న మా ప్రభుత్వ పాఠశాలకు ఆమె మొదట వచ్చింది ఒక సినిమా కోసం పిల్లల కేరింతలు రికార్డు చేసుకోవడానికి. కంప్యూటర్ మాస్టర్ని కనుక సాయానికి నన్ను పంపారు. పని అయ్యాక తొమ్మిదో తరగతి స్వప్న దగ్గరకొచ్చి, “మేడం, రెండోసారి మేం అరుస్తుంటె ఎనక నీళ్ల ట్యాంకర్ సప్పుడొచ్చింది. మళ్ల చేద్దామా?” అంది. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. ట్యాంకర్ ఉంది. ఆ అమ్మాయి ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆ వారంలోనే వచ్చి, మా కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలకు శబ్దాలను ఏరి కూర్చే ధ్వనిశిల్పం నేర్పుతానని హెడ్మాస్టరు గారిని అడిగారు.

దానికి సినిమా వాళ్లు వాడే ఆడియో సాఫ్ట్‌వేర్ కావాలి. స్టూడియో మిత్రుడొకరు దొంగ కాపీ ఇస్తానన్నాడు. హెడ్మాస్టరు గారు సంతోషించి, “సర్కారు బడి మేడం, గీడికొచ్చి ఎవరు చూస్తరు? ఫికర్ చేయకుండ్రి” అన్నారు. వసుంధర గారు తల అడ్డంగా ఊపారు.

“మొదటి పాఠమే దొంగ సరుకుతో చెబితే, రేపు వీళ్ల పనిని ఇంకొకడు తన పేరు మీద వేసుకున్నప్పుడు ఏ మొహంతో అడుగుతారండీ?”

ఆ ప్రశ్న ఆమెలోని ఎంత లోతైన గాయంలోంచి వచ్చిందో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

లైసెన్సుల కోసం ఆమె తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు. చివరికి ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రతినిధి కరిగి, బడికి ఉచితంగా ఇప్పించాడు. అయితే ఆ లైసెన్సు ఒక మనిషికి, ఒక యంత్రానికి ముడిపడి ఉంటుంది. మా ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ ముందు పూటకొక తరగతి పిల్లలు కూర్చుంటారు. పైగా ఆపి మళ్లీ పెడితే కంప్యూటర్ మొదటి స్థితికి వెళ్లిపోయేలా ల్యాబ్‌ను చూసుకునే కాంట్రాక్టరు మనుషులు అమర్చారు. కనుక సాఫ్ట్‌వేర్ రోజూ కొత్తగా నీవెవరని అడిగేది. పిల్లలకు ఈమెయిల్ లేదు. ఓటీపీ తండ్రి ఫోనుకు పోయేది, ఆ తండ్రి ఆటోలో ఎక్కడో ఉండేవాడు. వసుంధర గారు పెందలాడే వచ్చి, ఒక్కో యంత్రం ముందూ వంగి తానే తెరిచి పెట్టేవారు. కొన్నాళ్లకు సంస్థవారు ఇన్నిసార్లు తెరవడం దుర్వినియోగమని మొత్తం మూసేశారు. ఆమె కోపగించుకోలేదు. మళ్లీ బతిమాలి, బడిలోనే ఒక కంప్యూటరు తక్కినవాటికి లైసెన్సు అరువిచ్చే ఏర్పాటు సాధించారు.

ఆ ఏడు మా ల్యాబ్ కళకళలాడింది. “వినకుండా శబ్దాన్ని కోయకండమ్మా” అన్నది ఆమె నిత్యవచనం. స్వప్న తమ బస్తీ ఉదయాన్ని రికార్డు చేసి తెచ్చింది. బిందెల మోత, ఎవరిదో దగ్గు, కుక్కర్ కూత, పైన బంగళాల గేటు తెరుచుకోవడం. వారాల తరబడి కూర్చుని దాన్ని కూర్చింది. విన్నాక వసుంధర గారు ఆ పిల్ల తల మీద చేయి పెట్టి అలాగే నిలబడ్డారు.

వేసవి సెలవుల్లో ఏదో ఆన్‌లైన్ పరీక్ష కోసం కాంట్రాక్టరు మనుషులు వచ్చి అన్ని కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేశారు. లైసెన్సులు అరువిచ్చే ఏర్పాటూ పోయింది. పిల్లల పనులూ పోయాయి. మమ్మల్ని అడిగినవారు లేరు. సాయం చేసిన ప్రతినిధి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆ ఉచిత లైసెన్సుల పథకం ఇప్పుడు లేదని సంస్థవారు మర్యాదగానే చెప్పారు. హెడ్మాస్టరు గారికి బదిలీ అయింది. కొత్తాయన చెడ్డవాడు కాదు. ల్యాబ్ పరీక్షలకే ఉంచాలని పైనుంచి చెప్పారనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ అన్నారు. అప్పటికే డయాలసిస్ మీద ఉన్న వసుంధర గారు సూది పోటుకు కమిలిన చేత్తోనే ఆఫీసుల తలుపులు తట్టారు. ప్రతిచోటా కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు, పంపించేశారు.

స్వప్న పది పాసై ఎర్రగడ్డలో ఒక బట్టల దుకాణంలో చేరింది. వసుంధర గారు తనకు తెలిసిన స్టూడియోకు తీసుకెళ్లారు. పిల్ల చురుకైనదే గానీ ఇంకా సాధన కావాలి, నేర్చుకుని రమ్మన్నారు అక్కడివారు. ఎక్కడ నేర్చుకోవాలో ఎవరూ చెప్పలేదు.

మధురానగర్‌లోని ఇంట్లో ఆమెను ఆఖరుసారి చూశాను. ల్యాబ్ తెరుస్తున్నారా అని అడిగారు. పరీక్షలకు తెరుస్తున్నామన్నాను. పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటున్నారా అన్నారు. మౌస్ నొక్కడమే తప్ప వినే పని లేదన్నాను. గోడవైపు తిరిగారు.

“మాస్టారూ, ఇంకెవరో వచ్చి నేర్పుతారని మాత్రం వాళ్లకు చెప్పకండి. ఎదురుచూస్తూ కూర్చుంటారు.”

అంత్యక్రియలకు సినిమావాళ్లు పలుచగా వచ్చారు. స్వప్న దుకాణం యూనిఫాంలోనే వచ్చింది. కాసేపు నిలబడి నా పక్కకొచ్చి, “సార్, మన ల్యాబ్‌ల ఆ క్లాసు మళ్ల పెడ్తరా?” అని అడిగింది.

“పెట్టరమ్మా” అన్నాను.

తల ఊపింది. చితికి దండం పెట్టి, ఆలస్యమైతే ఊరుకోరని పనికి వెళ్లిపోయింది.

వసుంధర గారికి కన్నీటితో నమస్కరిస్తున్నాను. పోయినవారి స్థానం ఎవరూ పూరించలేరని రాస్తుంటాం. ఆమె విషయంలో ఆ మాట కూడా రాయలేకపోతున్నాను. ఆమె పోకముందే ఆ స్థానాన్నే తీసేశారు.